చేదుకట్టు చెప్పే కబురు

చేపలు కోసేటప్పుడు చేదుకట్టు పగలకుండా తీయడం మా అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. "అది పలిగిందంటే కూరంతా పారబోసుడే బిడ్డా" అనేది. మన కడుపులోనూ అలాంటి సంచి ఉంటుందనీ, కాలేయంలో తయారయ్యే పైత్యరసం కొంత అందులో నిలవుండి, సన్నటి గొట్టం గుండా పేగులోకి దిగుతుందనీ ఆవిడకు జబ్బు చేశాకే నాకు తెలిసింది.

మాది వర్ధన్నపేట. 2021 వానాకాలంలో ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. కామెర్లే కదా అని పసరు పోయించాం, ఉప్పూ నూనే మాన్పించాం. మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే! నెల గడిచింది. ఒళ్ళంతా దురద. రాత్రుళ్ళు గీరుకుంటూ కూర్చునేది. విరేచనం సున్నం కలిపినట్టు తెల్లగా అవుతోందని సిగ్గుతో చాలారోజులు చెప్పనేలేదు. చెప్పిన మర్నాడే హన్మకొండ బస్సెక్కించాను. స్కానింగులో గొట్టం మూసుకుపోయిందని తేలింది. "ఇవి పసరుకు పోయే కామెర్లు కాదమ్మా" అని హైదరాబాదు పంపించారు.

అక్కడ నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, అడ్డుపడిన చోట స్టెంటు పెట్టారు. ఇ.ఆర్.సి.పి. అంటారు దాన్ని. (ఈ విద్యలో ప్రపంచమంతా పేరున్న డాక్టర్ డి.నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదులోనే ఉన్నారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. మేం వెళ్ళింది వేరే ఆసుపత్రికి.) పనిలో పనిగా చిన్న బ్రష్షుతో గొట్టం లోపల గీకి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. నేను ఆ రోజు పరమాన్నం వండాను.

డాక్టరుగారు మాత్రం సంబరపడలేదు. అక్కడి కణితి పీచులా గట్టిగా ఉంటుందట, బ్రష్షుకు కణాలు రాలవట. జబ్బున్నా దాదాపు సగంమందిలో దొరక్కుండా పోతుందన్నారు. రక్తంలో చూసే సి.ఎ.19-9 సంగతీ అంతే, రాళ్ళు అడ్డుపడి కామెర్లొచ్చినా అది పెరుగుతుంది. రెండు నెలల తర్వాత మళ్ళీ గీకితే దొరికింది. అప్పటికి ఆపరేషన్ చేసే అదను దాటిపోయింది.

"కణితిని ఒరుసుకుంటూ పారేది పైత్యరసమే కదండీ, దాన్నే చూడకూడదా?" అని అడిగాను. ఆయన నవ్వకుండా జవాబిచ్చారు. చాలా దేశాల్లో అదే పని మీద ఉన్నారట. తూములో పారే నీళ్ళు చూసి ఈ పూట ఏం వండారో చెప్పినట్టు, కణాలు వాడుకుని వదిలేసిన పదార్థాలను అందులో వెతుకుతారు. క్యాన్సరున్నవాళ్ళ పైత్యరసంలో ఫాస్ఫటిడైల్ కోలిన్ అనే కొవ్వు పదార్థం తగ్గడం, పైత్య ఆమ్లాల పాళ్ళు మారడం గమనించారు. స్టెంటు వేసేటప్పుడు ఆ రసం ఎలాగూ చేతికొస్తుంది, వేరే కోత అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, రాయి అడ్డుపడి రసం నిలిచినా, చీము పట్టినా కూడా ఆ పాళ్ళు మారతాయి. ఏ మార్పు దేనివల్లో తేల్చాలంటే ఇంకా ఎంతోమందిలో చూడాలి. అందుకే మామూలు ల్యాబుల్లోకి రాలేదు.

అత్తమ్మ తొమ్మిది నెలలుంది. స్టెంటు పడ్డాక దురద పోయింది, అదొక్కటే ఆవిడకు సుఖం.

మొన్న మా వీధిలో ఒకావిడ పచ్చటి కళ్ళతో పసరుకు బయల్దేరితే అడ్డంపడ్డాను. ముందు స్కానింగు, తర్వాతే పసరు అన్నాను. నామీద అలిగి మరీ వెళ్ళింది. రాళ్ళని తేలిందట, తీసేశారు. ఇంకా నాతో సరిగా మాట్లాడటంలేదు.