ద్రాక్షతోటల దారి, ఇప్పచెట్ల దారి

కాలిఫోర్నియాలోని నాపా లోయలోనూ, ఇటలీలోని టస్కనీలోనూ, ఆస్ట్రేలియాలోని బరోసాలోనూ ఇప్పుడు ఒకే రకం విహారయాత్ర అమ్ముడవుతోంది. ఉదయం ఒక ఎలక్ట్రిక్ సైకిలు, తలకు హెల్మెట్, ముందు సాగే ఒక గైడు. దారిలో రెండు మూడు ద్రాక్షతోటలు, ఒక్కొక్క చోట గాజుపాత్రలో నాలుగు గుక్కలు, మధ్యాహ్నం చెట్టు నీడన భోజనం, పొద్దు వాలేసరికి తిరిగి బసకు. ఎత్తు ఎదురైన చోట తొక్కేవారి శ్రమను మోటారు పంచుకుంటుంది కనుక వయసు మళ్ళినవారికీ కొండదారి భయపెట్టదు. అయితే ఆ యాత్రికుడు డబ్బు చెల్లించి పొందేవాటిలో అన్నిటికంటె విలువైనది రసీదులో కనిపించదు. పట్టపగలు, పదిమంది చూస్తుండగా, ఎవరి చేతా తాగుబోతు అనిపించుకోకుండా తాగగలగడమే అది.

ఆ గౌరవం ద్రాక్షపండులో పుట్టింది కాదు; రాజ్యం కల్పించింది. భారతదేశంలో దానికి నాసిక్ సాక్ష్యం. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమ విధానాన్ని ప్రకటించి, వైన్ తయారీదారులకు ఎక్సైజ్ సుంకంలో రాయితీలిచ్చింది. అంతకు కొద్దికాలం ముందే అక్కడ సులా సంస్థ తన తొలి వైన్ సీసాలను మార్కెట్లోకి తెచ్చింది. ఇరవై ఏళ్ళలో గంగాపూర్ జలాశయం పరిసరాలు వారాంతపు విహారకేంద్రాలయ్యాయి. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి ఆ రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు చెప్పిన ప్రధాన కారణం రైతుల ఆదాయం. అన్నా హజారే నిరాహారదీక్షకు సిద్ధపడ్డారు, ప్రతిపక్షం విరుచుకుపడింది. ఆ రభసలో ఎవరి పక్షం ఏదైనా, ద్రాక్షరసం పులిస్తే అది రైతు సంక్షేమం అనే వాదం మంత్రివర్గ నిర్ణయంగా నమోదైంది. గోవా మరో మార్గం పట్టింది. ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో ఆ రాష్ట్రం దానిని వారసత్వ పానీయంగా ప్రకటించింది.

ఇప్పుడు అదే యాత్రను జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నుంచి ఊహించి చూడవచ్చు. అక్కడ ద్రాక్షతోటలు లేవు. కానీ నేల నుంచి పుట్టిన పానీయం, దానిని తయారుచేసే తరాల నేర్పు, దానితో ముడిపడిన పండుగలు ఉన్న ప్రాంతమే వైన్ సీమ అయితే సింహభూమికి మించిన సీమ తూర్పు భారతంలో ఇంకొకటి వెతకడం కష్టం. బియ్యంతో హండియా, ఇప్పపువ్వుతో సారా. సంతాలులు, హోలు, ముండాలు, భూమిజులు తమ దేవతలకు ముందుగా ధారపోసి తరువాత తాము పుచ్చుకునే పానీయం హండియా. హో భాషలో దాని పేరు డియంగ్. బిష్టుపూర్ రామమందిరం చుట్టూ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ చెట్టు కొత్తది కాదు. ఉత్తరాంధ్ర మన్యంలోనూ ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉన్నది ఈ ఇప్పే.

దారి సులువుగానే గీయవచ్చు. సువర్ణరేఖ దాటి మాంగో మీదుగా నగరానికి తాగునీరిచ్చే డిమ్నా జలాశయం పదమూడు కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి బోడామ్, పటమదా వైపు దల్మా కొండల పాదాల వెంట సన్నని ఊరిదారులు. దల్మా శిఖరం మూడు వేల అడుగులు. మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ సైకిలును భారతీయ చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. రిజిస్ట్రేషన్ అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. పైగా ఇది సైకిళ్ళ ఊరు. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ టాటా కర్మాగారం గేట్ల నుంచి సైకిళ్ళు వరదలా వచ్చేవి. ఆ ఇనుము నోవాముండీ గనులది; ఎలక్ట్రిక్ సైకిలు మోటారుకు కావలసిన రాగి సైతం కొద్ది దూరంలోని ముసాబనీ భూమిలో ఉంది. ఇదే రాష్ట్రంలో హజారీబాగ్, రామ్‌గఢ్ ప్రాంతాలలో మనుషులు సైకిలుకు రెండు క్వింటాళ్ళకు పైగా బొగ్గు కట్టి, ఎక్కే వీలులేక కొండదారిలో నెట్టుకుంటూ పోతారు. వారి సైకిలుకు మోటారు బిగించాలన్న ఆలోచన ఏ విహారయాత్రల సంస్థకూ ఇంకా రాలేదు.

చూపించవలసినది కూడా చాలా ఉంది. హండియాకు అన్నం వండి, చాప మీద ఆరబోసి, అందులో రాను పొడి కలుపుతారు. అడవి వేళ్ళను, మూలికలను బియ్యప్పిండితో నూరి చేసే తెల్లని చిన్న ఉండలే రాను, సంతలో అమ్ముతారు. మట్టికుండలో మూడు నాలుగు రోజులు ఊరిన తరువాత నీళ్ళు పోసి వడకట్టి, సాల ఆకుల దొన్నెలో పోసిస్తారు. పుల్లగా, చల్లగా ఉంటుంది. ఎండలో పనిచేసి వచ్చినవాడికి అది మత్తుకంటె ముందు ఆహారం. ఇప్పపువ్వు కాలం మార్చి, ఏప్రిల్. తెల్లవారుజామున చెట్టు కింద లేత పసుపు రంగు పూలు రాలి ఉంటాయి. ఎండ ముదరకముందే ఆడవాళ్ళూ పిల్లలూ గంపలకెత్తాలి. ఎండబెట్టిన పువ్వును చాలా కుటుంబాలు వెంటనే వ్యాపారికి అమ్ముకుంటాయి, ఎందుకంటే దాచుకునే చోటు లేదు, చేతిలో డబ్బు లేదు. వానాకాలంలో అదే పువ్వును అంతకంటె ఎక్కువ ధరకు కొనుక్కుంటాయి. 2020లో కేంద్రం ఎండు ఇప్పపువ్వుకు కనీస మద్దతు ధరను కిలోకు 17 నుంచి 30 రూపాయలకు పెంచింది. ఆ ధర కాగితం మీద నుంచి సంతలోని తక్కెడ దాకా రావడానికి వేరే పోరాటం కావాలి.

అసలు చిక్కు దొన్నె చేతికందే చోట మొదలవుతుంది. ఆదివాసి ఇంట్లో తన పండుగకు కాచుకున్నదానిని ప్రభుత్వాలు చాలావరకు చూసీ చూడనట్లు వదిలేస్తూ వచ్చాయి. అదే ఆమె రోడ్డు పక్కన అల్యూమినియం గిన్నె పెట్టుకుని కూర్చుంటే అది అక్రమ వ్యాపారం. ఈ తేడాకు మూలం సదాచారంలో లేదు, ఖజానాలో ఉంది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో తెచ్చిన మహువా చట్టం పువ్వునే కట్టడి చేసింది. లైసెన్సు పొందిన బట్టీల మీది రాబడి తగ్గకూడదన్నదే దాని చింత. బీహార్-ఒరిస్సా ఎక్సైజ్ చట్టం 1915 నాటిది. అదే జార్ఖండ్‌కు వారసత్వంగా దక్కింది. స్వతంత్ర రాజ్యం ఆ తర్కాన్ని మార్చలేదు. 2017లో జార్ఖండ్‌లో ప్రభుత్వ కార్పొరేషనే మద్యం దుకాణాలు నడపడం మొదలుపెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి రఘువర్ దాస్ జంషెడ్‌పూర్ తూర్పు శాసనసభ్యుడు, ఒకనాటి టాటా స్టీల్ ఉద్యోగి. ఆ తరువాత విధానం పలుమార్లు మారి, 2025లో దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత, 2024 తరువాత జరిగినదానిని చూసినవారికి ఈ ఊగిసలాట వింతగా తోచదు. సీసా ఎవరు అమ్మాలన్నదాని మీదనే వాదోపవాదాలన్నీ. కుండ గురించి ఒక్క వాక్యం ఉండదు.

కుండ గురించి ఉన్న పథకం ఒకటి వేరే ఉంది. హేమంత్ సోరెన్ ప్రభుత్వం 2020లో ఫూలో-ఝానో ఆశీర్వాద్ అభియాన్ ప్రారంభించింది. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిద్ధో, కాన్హూల సోదరీమణుల పేర్లవి. హండియా, సారా అమ్ముకుని బతికే స్త్రీలను గుర్తించి, మరొక జీవనోపాధికి వడ్డీలేని రుణంగా తొలుత పదివేల రూపాయలు ఇవ్వడం దాని పద్ధతి. ఉద్దేశాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. సంతలో హండియా అమ్మే ఆడవాళ్ళలో ఇష్టంతో కూర్చున్నవారు తక్కువ. తాగినవాడి మాటలూ చేతలూ భరించవలసింది వారే. అయితే ఒక చేత్తో సీసాల దుకాణాలను కేటాయించే రాజ్యం, మరొక చేత్తో దొన్నె అమ్మే స్త్రీని సంస్కరించబూనడంలోని వైపరీత్యం మాత్రం మరుగున పడకూడదు. మద్యం చెడ్డదే అయితే రెండూ చెడ్డవే.

ఇక్కడ ఆదివాసి పానీయాన్ని పట్టుకుని పులకించిపోయే నగరవాసుల ఉత్సాహానికి కూడా హద్దు ఉండాలి. తాగుడు మీద అత్యంత తీవ్రమైన విమర్శ వచ్చింది ఆదివాసుల లోపలి నుంచే. బిర్సా ముండా తన అనుచరులను మద్యం మానమన్నాడు. 1914లో జత్రా ఓరావ్ మొదలుపెట్టిన తానా భగత్ ఉద్యమం మద్యాన్నీ మాంసాన్నీ విడిచిపెట్టింది. శిబూ సోరెన్ 1970లలో ధన్‌బాద్ ప్రాంతంలో మహాజనుల మీద పోరాటం నడిపినప్పుడు మద్యపాన వ్యతిరేకత అందులో భాగంగానే ఉంది. అప్పులిచ్చేవాడు భూమిని కాజేసే దారిలో సారా ఒక మజిలీ అని ఆయనకు అనుభవంలో తెలుసు. తెలుగువారికీ ఈ పాఠం దూరపుది కాదు. 1980లలో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లను ఊరూరా చేర్చింది ప్రభుత్వమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దానిని తరిమికొట్టారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే ఖజానా గెలిచింది. ఆ రెండేళ్ళలో ఆడవాళ్ళు అడిగినదేమిటో, రాజ్యం ఇచ్చినదేమిటో తెలిసినవారు దల్మా పాదాన దొన్నె చూసి కవిత్వం చెప్పే ముందు ఒక క్షణం ఆగుతారు.

కనుక ఇప్పచెట్ల దారిలో సైకిలు యాత్ర మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న రాంచీలో తేలేది కాదు, తేలకూడదు కూడా. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముతామని ప్రకటించినప్పుడు, అది ఆదివాసుల గౌరవమా లేక ఎక్సైజ్ శాఖకు కొత్త లేబులా అన్న సందేహం సహజంగానే వచ్చింది. దానికి సమాధానం ఒక పాత చట్టంలో ఉంది. 1996 నాటి పెసా చట్టం అయిదవ షెడ్యూలు ప్రాంతాలలో మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్నీ ఇచ్చింది. అంటే ఇప్పపువ్వూ గ్రామసభదే, దానితో కాచిన సారా అమ్మాలా వద్దా అన్న నిర్ణయమూ గ్రామసభదే. తూర్పు సింహభూమి జిల్లా మొత్తం షెడ్యూలు ప్రాంతమే. కానీ రాష్ట్రం ఏర్పడ్డాక రెండు దశాబ్దాలకు పైగా జార్ఖండ్ ఆ చట్టానికి నియమావళి రూపొందించకుండానే గడిపింది. 2024లో హైకోర్టు జోక్యం చేసుకుని గడువు విధించవలసి వచ్చింది. ఆదివాసి పేరు మీద ఏర్పడిన రాష్ట్రంలో, ఆదివాసి నాయకత్వంలోని ప్రభుత్వాలు వచ్చిపోతున్న రాష్ట్రంలో జరిగిన జాప్యమిది. ఇసుక, గనులు, మద్యం, ఈ మూడింటి రాబడి గ్రామసభ అనుమతి మీద ఆధారపడటం ఏ పార్టీకీ ఇష్టం లేదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

2017–18లో ఖూంటీ జిల్లా గ్రామాలు తమ పొలిమేరల్లో రాళ్ళు పాతి, వాటి మీద రాజ్యాంగ నిబంధనలను, పెసా సెక్షన్లను చెక్కించాయి. పత్థల్‌గడీ అన్నారు దానిని. సమాధిరాళ్ళు నిలిపే పాత ముండా ఆచారానికి అది కొత్త ప్రయోజనం. ఆ గ్రామస్థులు రాజ్యాంగాన్ని చదివిన తీరులో పొరపాట్లు లేకపోలేదు. అయితే ప్రభుత్వం చర్చకు బదులు రాజద్రోహం కేసులు పెట్టింది. 2019 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన హేమంత్ సోరెన్ తొలి మంత్రివర్గ సమావేశంలోనే వాటిని ఉపసంహరించాలని నిర్ణయించారు. కేసుల మాట అలా ఉంచితే, ఆ రాళ్ళు అడిగినది చిన్న విషయం. బయటివాడు ఊళ్ళోకి వచ్చే ముందు ఊరిని అడగాలి.

గైడెడ్ సైకిలు యాత్రకూ మొదటి మజిలీ అదే కావాలి. నాసిక్‌లో ద్రాక్షతోట యజమానితో కుదిరే ఒప్పందం ఇక్కడ సంతాలుల ఊళ్ళో మాఝీతో, హోల ఊళ్ళో ముండాతో, చెట్టు కింద కూర్చున్న సభతో కుదరాలి. గైడు ఆ ఊరివాడే కావాలి, వాడికి రోజుకూలి ఎంతో ముందే తేలాలి. దొన్నె ధర అమ్మే స్త్రీ చెప్పాలి, దానిలో దళారి వాటా ఉండకూడదు. బడి దగ్గర అమ్మకం వద్దంటే వద్దు. బాహా పండుగనాడు ఊరి పూజ ముగియకముందు పరాయివాడికి పోయరాదంటే పోయరాదు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు చేసే ఇప్పపువ్వు లడ్డూల వంటివి చాలు, మత్తు వద్దంటే అదీ సరే. సాయంత్రం మరీ ఆలస్యం చేయకూడదు. దల్మా ఏనుగులు పొద్దుగూకాక దిగివస్తాయి. ఇప్పపువ్వు, హండియా వాసన పసిగట్టి ఇంటి గోడ కూల్చడం వాటికి అలవాటు.

ఊరు కూర్చుని ఆలోచించి, ఆడవాళ్ళ మాటకు విలువిచ్చి, మా ఊళ్ళో ఈ యాత్ర అసలు అక్కరలేదు అని కూడా అనవచ్చు. అనగలగాలి. అప్పుడు యాత్రికులు ఊరి బావి దగ్గర మంచినీళ్ళు తాగి ముందుకు సాగిపోవలసిందే. బ్యాటరీలో ఛార్జి ఎటూ ఉంటుంది.