ఏడాదికో జెర్సీ

20 మార్చి 2022, ఆదివారం రాత్రి

గెలిచాం. ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్ మీద, పెనాల్టీల్లో 3-1. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. గోలు కొట్టినప్పుడు మా గదిలో ఎవరి నోటా మాట లేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. ఆ తర్వాత గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. నా దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలు ఎంత అరిచారంటే పక్కింటాయన వచ్చి తలుపు కొట్టాడు, వచ్చినవాడు తానూ కూర్చుండిపోయాడు. హైదరాబాద్ పేరున్న జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలవడం ఇదే మొదలు. కొవిడ్ మూలంగా రెండు సీజన్లుగా మ్యాచులన్నీ గోవాలోనే. ఊరి జట్టు కప్పు కొట్టింది, ఊళ్లో కూర్చుని టీవీలో చూశాం.

అందరూ తవోరా గురించీ కట్టిమణి గురించీ మాట్లాడుకున్నారు. నా మనసు మాత్రం బార్తలోమ్యూ ఒగ్బెచే మీదే ఉంది. 37 ఏళ్లు. ఈ సీజన్‌లో 18 గోళ్లు, గోల్డెన్ బూట్. లీగ్ చరిత్రలో స్ట్రైకర్ కోరో పేరున ఉన్న 48 గోళ్ల రికార్డునూ దాటేశాడు. మన దేశంలో నాలుగు సీజన్లు, నాలుగు క్లబ్బులు: నార్త్ ఈస్ట్‌కి 12, కేరళకి 15, ముంబైకి 8, మనకి 18. నిరుడు ముంబైతో కప్పు, ఈ యేడు మనతో కప్పు.

వెళ్లబోతూ మా స్ట్రైకర్ కుర్రాడు గుమ్మంలో ఆగి అడిగాడు. "సార్, అంత మంచి ప్లేయరైతే ఒక్క క్లబ్ కూడా ఎందుకు ఉంచుకోలే?"

మంచి ప్రశ్న. ఒక్క మాటలో చెప్పి పంపేది కాదు. తీరిగ్గా చెప్తానన్నాను.

3 ఏప్రిల్ 2022, ఆదివారం

ప్రాక్టీస్ అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి ఒగ్బెచే దారంతా చెప్పాను. నేలమీద చాక్‌పీసుతో ప్రపంచ పటం గీశాడొకడు. ఆఫ్రికా బాగానే వచ్చింది.

పుట్టింది నైజీరియాలోని ఒగోజాలో, 1984లో. టీనేజిలోనే పారిస్ సాంజెర్మాఁ క్లబ్బుకు చేరాడు. అదే కాలంలో ఆ క్లబ్బులో రొనాల్డీన్యో ఉన్నాడు, ఒకోచా ఉన్నాడు, ఇప్పుడు పెద్ద కోచ్‌లైన పొచెటీనో, ఆర్టెటా ఉన్నారు. 2002 ప్రపంచ కప్‌లో నైజీరియా తరఫున ఆడేనాటికి వయసు 17. ఆ గ్రూపులో అర్జెంటీనా, స్వీడన్, ఇంగ్లండ్. మా పిల్లల్లో సగం మందిది అదే వయసు. ఆ సంగతి చెప్పగానే ఒక్కొక్కడూ నిటారుగా కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి దారి మలుపులు తిరిగింది. ఫ్రాన్స్‌లోనే బాస్టియాకు, మెట్జ్‌కు లోన్ మీద వెళ్లాడు. తర్వాత అబుదాబిలో అల్ జజీరా. స్పెయిన్‌లో అలావెస్. గ్రీస్‌లో కవాలా. 2011లో గ్రీస్‌ను కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో ఆ కవాలా క్లబ్బునే కింది డివిజన్లలోకి నెట్టేశారు. 2011-12లో ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ టూ. 2018లో డచ్ కోచ్ ఎల్కో షటోరీ గౌహతిలో నార్త్ ఈస్ట్ జట్టును చేతిలోకి తీసుకున్నప్పుడు ఇండియాకు వచ్చాడు. ఆ యేడు ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్‌కు చేరింది. మర్నాటి ఏడు షటోరీ కేరళకు మారితే ఒగ్బెచే కూడా కేరళకు వెళ్లి కెప్టెన్ అయ్యాడు.

17 ఏళ్లకు ప్రపంచ కప్, 27 ఏళ్లకు ఇంగ్లండ్ రెండో డివిజన్, 37 ఏళ్లకు గోవాలో గోల్డెన్ బూట్. పారిస్‌లో మొదలై గౌహతి దాకా వచ్చాడంటే కిందికి దిగినట్టేనని కొందరు లెక్కేస్తారు. నాకు ఆ లెక్క నచ్చదు. ప్రతి ఊళ్లో మొదటి రోజు నుంచి మళ్లీ పరీక్ష రాశాడు. ఇరవయ్యేళ్లు ఆ పరీక్షలకు కూర్చోగలిగిన మనిషిని నేను గొప్పవాడనే అంటాను.

12 జూలై 2022, మంగళవారం

వాన. గ్రౌండంతా బురద. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి ఆట వెనకాల కాగితాల సంగతి చెప్పాను. ఎవరూ చెప్పని పాఠం ఇదే.

జాన్ మార్క్ బోస్మన్ కథతో మొదలుపెట్టాను. బెల్జియం ఆటగాడు. లీజ్ క్లబ్బుతో 1990లో కాంట్రాక్ట్ ముగిసింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు పోదామనుకున్నాడు. కాంట్రాక్ట్ అయిపోయినా పాత క్లబ్బు డబ్బు అడగొచ్చు అప్పట్లో. బేరం కుదరలేదు, మనిషి ఇరుక్కుపోయాడు. కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం అతని వైపు తీర్పు ఇచ్చింది. గడువు తీరిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో ఇంకో దేశానికి వెళ్తే పాత క్లబ్బు రొక్కం అడగకూడదు. ఒగ్బెచే లాంటివాళ్లు తిరిగిన లోకం ఆ తీర్పు తర్వాతి లోకం. బోస్మన్ మాత్రం కేసు నడుస్తుండగానే తన మంచి వయసంతా పోగొట్టుకున్నాడు.

తర్వాత అసలు సంగతి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారాలంటే పాత దేశం ఫెడరేషన్ నుంచి అంతర్జాతీయ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ రావాలి. అదీ మామూలుగా ట్రాన్స్‌ఫర్ విండో తెరిచి ఉన్నప్పుడే రిజిస్ట్రేషన్. పైగా వైద్య పరీక్ష. మోకాలు కొంచెం తేడాగా ఉందని డాక్టర్ రాస్తే చాలు, సంతకం ఆగిపోతుంది. మన లీగ్‌లో నిరుటి నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే ఉండాలి, జట్టు మొత్తం విదేశీయుల్లో ఒకడైనా ఆసియా వాడు కావాలి. అంటే మైదానంలో ప్రపంచమంతటికీ నాలుగే కుర్చీలు. ఆ కుర్చీ దొరికినవాడు ప్రతి వారం గోలు కొట్టి చూపించాలి, లేదంటే జనవరి విండోలో ఇంకొకడు దిగుతాడు.

కుర్రాడు మార్చిలో అడిగిన ప్రశ్నకు వాడే జవాబు చెప్పుకున్నాడు: "క్లబ్ ఉంచుకోకపోవుడు కాదు సార్. ఆయనే ప్రతిసారి పని దొరికిచ్చుకుండు."

7 నవంబర్ 2022, సోమవారం

ఈ సీజన్‌తో మ్యాచులు గచ్చిబౌలికి వచ్చాయి. మొన్న పిల్లల్ని తీసుకెళ్లి గోల్ వెనక వైపు కూర్చోబెట్టాను. స్కోరు పేపర్లో ఉంటుంది. నేను చూసింది రాసుకుంటాను.

బంతి కుడి వింగ్‌లో ఉంది. ఒగ్బెచే ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల నడుమ నడుస్తున్నాడు, తొందర లేదు. తల ఒకసారి ఎడమకు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. దగ్గరున్న డిఫెండర్ కళ్లు బంతి మీదికి పోగానే అతని వీపు వెనక్కి రెండడుగులు జరిగాడు. డిఫెండర్ తిరిగి చూసేసరికి మనిషి లేడు. వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. అప్పుడు ఒగ్బెచే ఒక్కసారిగా అతని ముందుకు దూసుకొచ్చి ఫస్ట్ పోస్ట్ దగ్గర చేయి చాపాడు. క్రాస్ రాలేదు. మావాళ్లు ఉసూరుమన్నారు. ఆయన విసుక్కోలేదు, వింగర్‌కు బొటనవేలు చూపించి మళ్లీ నడక మొదలెట్టాడు. తర్వాతి దాడిలో మళ్లీ అదే పని, అదే శ్రద్ధతో.

ఈ వయసులో వేగంతో ఎవణ్ణీ దాటలేడు. ఎప్పుడు కదలాలో తెలుసు. ఆ తెలివి భాష మారినా పనికొస్తుంది, కోచ్ మారినా పనికొస్తుంది. పక్కన ఆడేవాడి పేరు సరిగ్గా పలకడం రాని మొదటి వారంలో కూడా పనికొస్తుంది. మా స్ట్రైకర్‌ను బంతిని వదిలేసి పదిహేను నిమిషాలు ఒగ్బెచేనే చూడమన్నాను. వాడు హాఫ్ టైమ్ దాకా చూశాడు.

ఇండియాలో ఒకే క్లబ్బుకు వరసగా రెండో సీజన్ ఆడటం ఆయనకు ఇదే మొదటిసారి. అది మన ఊరైనందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

17 ఫిబ్రవరి 2023, శుక్రవారం

తులసీదాస్ బలరాం నిన్న కన్నుమూశారు, కోల్‌కతాలో.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన మనిషి. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన ఆటగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీద గోలు కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంకా ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా కోల్‌కతా దగ్గర ఉత్తరపాడాలోనే ఉండిపోయారు.

ఈ రోజు ప్రాక్టీస్‌కు ముందు రెండు నిమిషాలు నిలబడ్డాం. ఆయనెవరని అడిగినవాళ్లు ఎక్కువమందే. చెప్పాను. పని వెతుక్కుంటూ ఊరు విడిచిన ఫుట్‌బాలర్లు మనకు కొత్త కాదు. హైదరాబాద్ ఆ రోజుల్లో కోల్‌కతాకు ఆటగాళ్లను పంపుతూనే ఉంది. ఇప్పుడు ఒగోజా నుంచి ఒకాయన మన దగ్గరికి వచ్చి ఆడుతున్నాడు. ఆయనను చూస్తే బలరాం గారిని కోల్‌కతా ఎలా గుండెకు హత్తుకుందో నాకు అర్థమవుతుంది.

14 మార్చి 2023, మంగళవారం

సెమీఫైనల్లో ఓడిపోయాం. రెండు మ్యాచుల్లోనూ గోలు లేదు. కోల్‌కతాలో ఏటీకే మోహన్ బగాన్ పెనాల్టీల్లో 4-3తో గెలిచింది. ఒగ్బెచే కొట్టిన పెనాల్టీ లోపలికి వెళ్లలేదు.

పిల్లలకు చెప్పింది ఒక్కటే. ఆ పెనాల్టీ కొట్టడానికి ముందుకొచ్చిన మనిషికి 38 ఏళ్లు. ఈ లీగ్‌లో 63 గోళ్లు కొట్టాడు, ఇంతవరకూ ఇంకెవరూ అన్ని కొట్టలేదు. కొట్టలేనని పక్కకు తప్పుకోలేదు. దాన్ని గౌరవించండి.

16 ఆగస్టు 2023, బుధవారం

నిన్న మహమ్మద్ హబీబ్ గారు పోయారు, మన హైదరాబాద్‌లోనే. కోల్‌కతా వెళ్లి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిన మనిషి. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న కాస్మోస్‌తో మ్యాచ్ 2-2గా ముగిస్తే, మోహన్ బగాన్ గోళ్లలో ఒకటి ఆయనది.

ఒగ్బెచే సీజన్ కాగానే ఊరు వదిలాడు. ఇక మా కుర్రాడి వంతు. వేరే రాష్ట్రంలో కింది డివిజన్ క్లబ్బు ఒక సీజన్‌కు పిలిచింది. సాయంత్రం వాళ్లమ్మ టిఫిన్ బండి కట్టేసి నేరుగా గ్రౌండ్‌కు వచ్చింది.

"ఏడాది అయినంక మళ్ల ఏడికి పోవాలె సార్?"

"ఏడికైనా పోవచ్చమ్మా. బాగా ఆడితే వాళ్లే ఉంచుకోవచ్చు. లేదంటే ఇంకో ఊరు చూసుకోవాలె. ఈ పని గట్లనే ఉంటది."

"కాలు విరిగితే?"

ఆ ప్రశ్నకు ధైర్యం చెప్పడం చాలదు, కాగితం మీద జవాబు ఉండాలి. అడగాల్సినవన్నీ ఒక్కొక్కటే రాసుకున్నాం. జీతం ఏ తారీఖున పడుతుంది? దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం వస్తుందా? గది, తిండి ఎవరు చూస్తారు? ఆలిండియా ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పేరు ఎక్కిస్తారు? సంతకం చేసిన కాపీ ఒకటి ఇంట్లో ఉండాలి. జీతం ఆగితే ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్‌కు రాయాలి. ఇంకోటి నా షరతు: అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కట్టాలి, ఎక్కడున్నా పరీక్షలు రాయాలి. వాడు ఒప్పుకున్నాడు.

వీడు ఒగ్బెచే అవుతాడని నేను ఆ తల్లికి చెప్పలేదు. ఈ ఆటతో నిజాయితీగా బతకొచ్చని, అది చిన్న బతుకు కాదని చెప్పాను. నేను మనసారా నమ్మేది అదే. రేపు పొద్దున వాళ్లింటికి వెళ్లి కాంట్రాక్ట్ మొత్తం తెలుగులో చదివి వినిపిస్తాను. ఆమె ప్రశ్నలకు అందులో ఎక్కడ జవాబు లేదో అక్కడ గీత పెట్టి క్లబ్బుకు పంపుతాం. వాళ్లు రాసిచ్చాకే సంతకం.