పెద్దనాయిన కొలత

మా పెద్దనాయినకు సంతకం రాదు. గుంత అంచున నిలబడి ఒక్క చూపు చూసి, అందులోంచి ఎంత మట్టి లేచిందో మాత్రం చెప్పేవాడు.

కాలువ పనిలో కూలి రోజు లెక్కన కాదు, తవ్విన మట్టి లెక్కన. గుంతలో అక్కడక్కడా తవ్వకుండా మట్టి దిమ్మెలు వదిలేస్తారు. దిమ్మె ఎత్తు ఎంతో గుంత లోతు అంత. దిమ్మె నెత్తిన పాత నేల గడ్డి అట్లాగే ఉండాలి. లేకుంటే పైన మట్టి మెత్తి ఎత్తు పెంచారని అనుమానిస్తారు. పెద్దనాయిన దిమ్మె మీద గడ్డిపోచ చెదరదని ఆయన గుంపులో పనిచేసిన ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు.

మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. మా నాయిన పోయేనాటికి నాకు నాలుగేళ్లు, చెల్లె చంకపిల్ల. పెద్దనాయినకు అప్పటికే ముగ్గురు. ఆ తర్వాత ఎవరడిగినా "అయిదుగురు పిల్లలు" అనే చెప్పేవాడు. దసరా వెళ్లగానే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పెద్దమ్మతో కలిసి పనికి పోయేవాడు. మేమంతా నాయనమ్మ దగ్గర. మళ్లీ వానలకే రావడం. 'పాలమూరు లేబర్' అని లోకం ఒక్క మాటలో తేల్చేసే బతుకు అదే. శ్రీశైలం పనిలో రాయి పడి ఎడమ పాదం రెండు వేళ్లు పోయాయి. అది మాకు తెలిసింది ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పినప్పుడే. ఆ నెల మనియార్డరు కూడా ఆగలేదు.

జూరాల కాలువల పని మొదలయ్యాక మొదటిసారి ఇంటికి దగ్గరలో పని దొరికింది. ఎడమ కాలువ వనపర్తి వైపు వస్తుంది. అప్పుడు నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాను. రాజాగారి భవనంలో నడిచే కాలేజీ అది. పని లేని రోజున జొన్నరొట్టెలు, పల్లికారం మూట కట్టుకుని నా గదికి వచ్చేవాడు. ఒకసారి నేను మట్టి పని లెక్క చేస్తున్నాను: ఇరవై నాలుగు అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, మూడు దిమ్మెలు రెండు, మూడు, నాలుగు అడుగులు. నేను పెన్సిల్‌తో 1080 ఘనపుటడుగులు తేల్చేలోపే, "వంద లెక్కన పదకొండుకు జర తక్కువ" అన్నాడు. నోరు తెరిచి చూశాను. "లెక్క నాకు రాదు బిడ్డా, మట్టి వస్తది" అని నవ్వి రొట్టె నా ముందుకు జరిపాడు. ముప్పయ్యేళ్లు ఇంజనీరుగా పనిచేశాను, అంతకంటే గట్టి గురువును చూడలేదు.

పెద్దక్కకూ మా చెల్లెకూ ఒకే ఏడు పెళ్లి. చీరల కోసం గద్వాల నేతగాళ్ల ఇంటికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. నూలు చీరకు పట్టు అంచు కలిసేచోట బొటనవేలు ఆనించి చివరిదాకా తడిమి చూశాడు. మొరటు వేలు ఆ కుట్టు మీద ఎక్కడా తట్టుకోలేదు. రెండు చీరలూ ఒకే ధరవి తీసుకున్నాడు. ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా కన్నబిడ్డకు ఎక్కువ పెట్టాడని రేపు ఎవరూ అనకూడదని ఆయన పట్టు.

ఇంత నిఖార్సయిన మనిషి తీర్చలేక మిగిలిన బాకీ ఒకటుంది. పెద్దమ్మ పుట్టిల్లు సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉండేది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టుకు వీళ్లిద్దరే మట్టి మోశారు. ఆ ప్రాజెక్టు నీళ్లలోనే, 1981 ప్రాంతంలో, ఆ ఇల్లు వంద దాకా ఊళ్లతో పాటు మునిగింది. గుడులను రాయి రాయిగా విప్పి వేరేచోట కట్టారు గానీ, ఇళ్లను ఎవరు కడతారు? పెద్దమ్మ ఆయన్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఎండాకాలం నీళ్లు దిగి పాత గోడలు తేలగానే, "నడు, మీ తల్లిగారింటికి పోయొద్దం" అని ఆయనే అనేవాడు. ఎండిన బురద మీద ఆ కుంటి కాలితో ముందు నడుస్తూ పెద్దమ్మ చేయి పట్టుకుని గడప రాయి దాకా తీసుకుపోయేవాడు. పెద్దమ్మ దాని మీద పసుపు కుంకుమ పెట్టేది. కాసేపు కూర్చుని వచ్చేవారు. నీళ్లు దిగిన ఏ ఏడూ తప్పలేదు.

పెద్దనాయిన నిరుడు కార్తీకంలో పోయాడు. ఈ ఎండాకాలం నీళ్లు దిగితే పెద్దమ్మను నేను తీసుకుపోవాలి.