ఎర్ర ఇంకు చుట్టిన మాటలు

డిక్టేషన్ అంటే మా క్లాసులో అందరికీ భయమే, కానీ ఒక్కొక్కరి భయం ఒక్కో అక్షరం దగ్గర ఉండేది. అది 1980ల జహీరాబాద్, అల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ ఊళ్లో కొత్తగా వచ్చిన కాలం. బీదర్ దిక్కు పల్లెల నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో కన్నడం. బజారు వెనక గల్లీల్లో ఉర్దూ. మిగిలిన మాది తెలుగే, అయితే పుస్తకంలో ఉండే తెలుగు కాదు. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత మెదక్ జిల్లాలో కలిపారు గానీ ఇళ్లలోని మాటలు పాత జిల్లాలోనే ఉండిపోయాయి. తాతల తరంలో బడికి పోయినవాళ్లు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు. అందుకని మా తెలుగు నోటుబుక్కు ఇంట్లో చూసి దిద్దేవాళ్లు తక్కువ.

కన్నడం పిల్లలకు తలకట్టు దగ్గరే చిక్కు. బ, ద, ర రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. తెలుగు తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది, కన్నడంది అడ్డంగా సాగి కుడివైపు వంగుతుంది. బీదర్ బస్సు బోర్డు మేం తడుముకోకుండా చదివేవాళ్లం. వాళ్లు తెలుగు రాస్తే మాత్రం తలకట్టు పక్కకు వాలేది, సారుకు కోపం వచ్చేది.

ఉర్దూ ఇళ్ల పిల్లలకు ణ, ళ నోట్లో లేవు. ఒకసారి ఒకడు లీవ్ లెటర్‌లో కళ్లు ఎర్రబడ్డాయని రాయబోయి ‘కల్లు’ అని రాశాడు. సారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించాడు. అందరూ నవ్వారు. వాడు బెంచీ మీద తల పెట్టుకుని లాంగ్ బెల్ దాకా లేవలేదు. అదే వాడు ధ, ఘ, భ ఎక్కడ రావాలో ఒక్కసారి కూడా పొరబడేవాడు కాదు, ఎందుకంటే ఆ ఒత్తులు వాళ్ల భాషలో రోజూ పలికేవే. ‘బాధ’ను ‘భాద’ అని రాసింది మా తెలుగు ఇళ్ల పిల్లలమే. ఆ సంగతి సారు చదివి వినిపించలేదు.

సాయంత్రం వాడు మళ్లీ ఉర్దూలో ఇమ్లా రాసేవాడు. డిక్టేషన్‌కు ఉర్దూ పేరు అది. ఉర్దూలో ‘జ’ను పోలిన ఒకే ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు. మా ఊరి పేరు జోయ్‌తో మొదలవుతుందని వాడు చెబితేనే నాకు తెలిసింది.

వ్యాకరణంలో ఇంకో చిక్కుండేది. కన్నడంలో మగవాడు వస్తే బందను, ఆడమనిషి వస్తే బందళు, వస్తువైతే బందితు. తెలుగులో ‘అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది’. అమ్మకూ బస్సుకూ ఒకే మాట ఎట్ల అవుతుందని మా క్లాసు అమ్మాయి ఒకతె లేచి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! భాషాశాస్త్రం చదివేవాళ్లు ఇష్టంగా తలకెత్తుకునే విషయం అది. ఆమెకు దొరికింది ‘కూర్చో’ అనే జవాబు.

అన్నిటికన్నా ఎక్కువ ఎర్ర ఇంకు పడింది మా సొంత మాట మీద. పోయిండు, ఒచ్చింది, ఈడ, యాడ. కన్నడం పిల్లలకు తెలుగు కొత్త భాష, నేర్చుకుంటున్నారని అనుకోవచ్చు. మాకు అది అమ్మ మాట్లాడే భాష. దాని చుట్టూ సున్నా చుడితే అమ్మకు మాట్లాడటం రాదని చెప్పినట్టే అనిపించేది. ఆ నొప్పి నాకు ఇప్పటికీ తగ్గలేదు. పుస్తకాల భాష పిల్లలకు నేర్పాల్సిందే, ఇంటి మాటను తప్పు అనకుండా కూడా అది నేర్పవచ్చు. ఈ అవమానం గురించి తెలంగాణ కవి కాళోజీ జీవితమంతా పోట్లాడాడు. 2014 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. మా క్లాసు పిల్లలకు అది చాలా ఆలస్యంగా అందింది.

2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది దళిత మహిళలు. కొర్రలు, సామలు, విత్తనాలు, పండుగలు, అన్నీ ఆ పోయిండు, ఒచ్చింది మాటల్లోనే చెబుతారు. మా అమ్మ ఆ రేడియో వింటుంటే మధ్యలో ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం రాదు.