యంత్రాన్నే అడగండి

హదీసు శాస్త్రం అభ్యసించే విద్యార్థికి తొలుత నేర్పేది ఒక ప్రశ్న: ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు? ఆలూరులో చాలా ఏళ్లుగా నేను చెబుతున్న పాఠం ఇదే. కంప్యూటరును కూడా ఇలా ప్రశ్నించవచ్చునని నాకు యాభై దాటాక తెలిసింది.

మా మదరసా కోసం బళ్లారిలో నాలుగు పాత కంప్యూటర్లు కొన్నాము. పిల్లల హాజరు, హిఫ్జ్ పాఠాల వివరాలు, అనాథ పిల్లల పేరిట వచ్చే విరాళాల లెక్క వాటిలో భద్రపరచాలన్నది మా ఉద్దేశం. ఆ లెక్క మా దగ్గర ఉన్న అమానత్. అమ్మిన వ్యక్తి "ఏడాదే వాడారు" అన్నాడు. లైనక్స్ వేయడానికి వచ్చిన మా పూర్వ విద్యార్థి మాత్రం, "హజ్రత్, ఆయన మాట అటుంచండి. డిస్కునే అడుగుదాం" అన్నాడు.

అతడు నల్లని తెర తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని టైపు చేశాడు. లోపల అమర్చిన పరికరాలన్నీ వరుసగా తమ పేర్లు చెప్పాయి. ప్రతి పరికరంలోనూ తయారీదారు సంఖ్య ఒకటి, పరికరం సంఖ్య ఒకటి ఉంటాయి. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. అది 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా. పెట్టెపై అంటించిన కాగితం మారవచ్చు గాని, ఈ సంఖ్య పరికరమే స్వయంగా చెప్పుకునే మాట. 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అంటే బయట తగిలించిన మౌసు, ప్రింటరు వంటివి పలుకుతాయి. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అంటే డిస్కులు, వాటి పరిమాణాలు కనబడతాయి.

చివరగా 'స్మార్ట్‌సీటీఎల్' అనే ఆదేశంతో డిస్కుల ఆరోగ్యం విచారించాడు. ఒక డిస్కు తాను 31,000 గంటలు పనిచేశానని చెప్పింది. రేయింబవళ్లు ఆపకుండా నడిపినా ఏడాదికి 8,760 గంటలే. అంటే అది మూడున్నర ఏళ్ల శ్రమ. అమ్మిన వ్యక్తి అబద్ధమాడాడని నేననను. ఆయనకు అమ్మినవారు అలా చెప్పి ఉండవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది మరో పంక్తి. డిస్కు చదవలేకపోయి, తేల్చకుండా ఉంచిన చోట్లు 24 ఉన్నాయి. వారం తరువాత అడిగితే 61 అయ్యాయి. అయినా అదే నివేదికలో పైన 'ఉత్తీర్ణం' అనే ఉంది. కమిటీ పెద్దలొకరు దాన్ని చూపి, "బాగున్నదని అదే చెబుతోంది కదా, డబ్బు వృథా ఎందుకు?" అన్నారు. ఆ ఒక్క మాట డిస్కు తన గురించి తానిచ్చుకునే మొత్తం తీర్పు మాత్రమేనని, పెరుగుతున్న అంకెను విడిగా చూడాలని విన్నవించాను. విరాళాల లెక్కను వేరే కంప్యూటరులోకి మార్చి, మరో ప్రతిని పెన్‌డ్రైవులో ఉంచాము. నెల తిరగకముందే ఆ డిస్కు తెరుచుకోవడం మానేసింది. లెక్కలో ఒక్క రూపాయి పద్దు కూడా పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

అడగడం వేరు, మార్చడం వేరు. ఇంతవరకు చెప్పినవన్నీ అడిగే ఆదేశాలే. వీటివల్ల డిస్కులోని సమాచారం చెక్కుచెదరదు. మార్చే ఆదేశాలలోనూ తేడాలున్నాయి. మా కీబోర్డుకు తెలుగు, ఉర్దూ లిపులు రెండింటినీ అమర్చింది ఒక్క పంక్తి ఆదేశమే. అందులో పొరబాటు జరిగితే మళ్లీ టైపు చేస్తే సరిపోతుంది. డిస్కును ఫార్మాట్ చేసే ఆదేశం అలాంటిది కాదు. అది రెండోసారి అడగకుండానే అంతా తుడిచివేయగలదు. పైగా ఈ రోజు 'ఎస్‌డీఏ' అనిపించుకున్న డిస్కు రేపు కంప్యూటరు తిరిగి వెలిగించాక 'ఎస్‌డీబీ' కావచ్చు. అందుకే పేరును నమ్మక పరిమాణాన్నీ, సీరియల్ నంబరునూ సరిచూసి, ఒక పిల్లవాడు బిగ్గరగా చదివాకే మరొకడు మీట నొక్కాలని మా తరగతిలో నియమం పెట్టాము.

పిల్లల చదువు కోసం పాత కంప్యూటరు కొనే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. తెలిసిన యువకుణ్ణి వెంట తీసుకెళ్లండి. లైనక్స్, డిస్కు పరీక్షించే సాధనం ఉన్న పెన్‌డ్రైవుతో అక్కడే కంప్యూటరును నడిపించి, డిస్కు ఎన్ని గంటలు పనిచేసిందో, చదవలేని చోట్లు ఎన్నో అడిగించండి. గంటల అంకెను చెరిపి అమ్మేవారూ లోకంలో ఉన్నారు గనుక ఆ ఒక్కదానితోనే సరిపెట్టుకోకండి. డబ్బు లెక్కించి ఇవ్వడం ఆ తరువాతి పని.