మా ఇంటి స్కైరిమ్ మజిలీలు

చిక్కపేటలో చీరల అంగడి నడుపుకునేవాడికి వీడియో గేముల గురించి రాసే అర్హత ఏముందని మీరు అడగవచ్చు. అర్హత మాట ఎలా ఉన్నా అనుభవం మాత్రం మూడేళ్లది. 2018 వేసవి నుంచి 2021 దాకా మా అమ్మాయీ నేనూ కలిసి ఒకే ఒక ఆట ఆడాం. దాని పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా సంస్థ దాన్ని 2011 నవంబరు 11న విడుదల చేసింది. 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని ఆ ఆట రూపకర్త టాడ్ హోవర్డ్ 2023లో చెప్పారు. అంతమందిని కట్టిపడేసిన ఆట మమ్మల్ని ఎలా పట్టుకుందో, ఎలా వదిలేసిందో మన పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించింది.

ఎరగనివారి కోసం నాలుగు మాటలు. చేతులు కట్టేసిన ఖైదీగా మీరు ఒక బండిలో కళ్లు తెరుస్తారు. తల నరకబోయే క్షణాన ఎక్కడినుంచో డ్రాగన్ ఊడిపడి ఊరంతా తగలబెడుతుంది. ఆ గందరగోళంలో తప్పించుకుని బయటపడ్డాక ఇక లోకమంతా మీదే. ఎటైనా పోవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు, అసలు కథను పక్కనబెట్టి సీతాకోకచిలుకలు పట్టుకుంటూ తిరిగినా అడిగేవాడు లేడు. ఓపెన్ వరల్డ్ ఆటలంటే ఇవే. మంచుకొండలు, కోటలు, గుహలు, తొమ్మిది సంస్థానాలు, ఒక్కోదానికి ఒక్కో ఏలిక. ఆ ఏలికలను మేము పాళెగాళ్లు అనేవాళ్లం. కెంపేగౌడ కట్టిన పేటలో ఉంటూ ఇంకేమంటాం?

కంప్యూటరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని కూర్పించాం. సదర్ పత్రప్ప రోడ్డు అంటే ఈ రోజుల్లో ఎవరికీ అర్థం కాదు. మా అంగడినుంచి నడిచిపోయేంత దూరమే. పదమూడు వేలు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొంటే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు సంగతి ఆట కాదు, మాట. మా తాతగారు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అంగడిలో గిరాకీతో కన్నడం, మార్వాడీ వ్యాపారులతో హిందీ, పిల్లకు బడిలో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగే గానీ అది ఎలాంటి తెలుగు? "అన్నం తిన్నావా, లైటు ఆర్పు, తలుపు వెయ్యి" అన్నంత వరకే. ఇక్కడి మన ఇళ్లలో చాలావాటి పరిస్థితి ఇదేనని వేరే చెప్పక్కర్లేదు. పన్నెండేళ్లు వచ్చినా మా అమ్మాయికి తెలుగులో వంద రకాల మాటలతో పని పడలేదు.

ఈ ఆటలో పడింది. కీబోర్డు తనది, నోరు నాది. నేను చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదివి, చిత్రా గారి బొమ్మలు చూసి పెరిగినవాణ్ణి. తెర మీద గుహ కనబడగానే నా నోటికి ఆ భాషే వచ్చేది. సొరంగం, కవచం, ఒర, అంబులపొది, మూలికలు, శిథిలాలయం. సమాధుల్లోంచి లేచివచ్చే డ్రౌగర్లు మాకు బేతాళులయ్యారు. మన సామాన్లు మోసుకుంటూ వెంట వచ్చే లిడియా అనే ఆడమనిషికి మా అమ్మాయి "మూటల అక్క" అని పేరు పెట్టింది.

మొదట్లో ఒక గుహలో బంగారు పంజా ఒకటి దొరుకుతుంది. ఆ పంజా ఉంటేగాని తెరుచుకోని రాతి తలుపు మీద మూడు చక్రాలు, వాటి మీద జంతువుల బొమ్మలు. ఏ వరుసలో తిప్పాలో తెలియక ఒక సాయంత్రమంతా తన్నుకులాడాం.

"నాన్నా, ఎక్కడో రాసే ఉంటుంది. చందమామలో అయితే ఎక్కడ రాస్తారు?"

"మన చేతిలో ఉన్న వస్తువు మీదే రాస్తారమ్మా."

పంజాను తిప్పి చూస్తే అరచేతిలోనే ఉంది: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. ఆ రోజు మా ఇంట్లో పెట్టిన కేక వీధిలోకి వినపడింది.

కేకలంటే గుర్తొచ్చింది. ఇందులో వీరుడికి డ్రాగన్ల భాషలో అరిచే శక్తి ఉంటుంది. ఆ మాటలు పాతగోడల మీద డ్రాగన్ల లిపిలో చెక్కి ఉంటాయి. 34 అక్షరాలు. మా అమ్మాయి ఒక్క వేసవిలో వాటన్నిటినీ గుర్తుపట్టడం నేర్చుకుంది. తెలుగు అక్షరాలు మాత్రం "చాలా ఉన్నాయి నాన్నా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే అని ఒక నోటుబుక్కు పెట్టి, మేము పెట్టుకున్న పేర్లన్నీ తెలుగులో రాస్తూ వచ్చాను. పక్కన తను ఇంగ్లీషులో రాసుకునేది.

రెండేళ్లు ఇలా సాగింది. రాత్రి అంగడి కట్టేసి వచ్చాక ఒక గంట, ఆదివారం రెండు గంటలు. ఆ గంట కోసం ఇద్దరం పగలంతా ఎదురుచూసేవాళ్లం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. అంగడికి తాళం, బడికి తాళం. ఇక కావలసినంత కాలం! తెల్లారి లేస్తే స్కైరిమ్, పడుకోబోతే స్కైరిమ్. సరిగ్గా అప్పుడే ఆటలో నీరసం తొంగిచూసింది.

ఎందుకన్నది ఇద్దరం చాలాసార్లు మాట్లాడుకున్నాం. మొదటి కారణం పనులు అయిపోకపోవడం. పూటకూళ్లింటివాడిని పనేమైనా ఉందా అని అడిగితే ఫలానా చోట దొంగల నాయకుణ్ణి చంపి రమ్మంటాడు. చంపి వస్తే ఇంకో నాయకుడు. ఇవి మనిషి రాసిన కథలు కావు. ఊరినీ శత్రువునూ యంత్రమే ఎంచి ఎప్పటికప్పుడు అల్లుతుంది. దానికి అలుపు లేదు, మనకు ఉంది. రెండోది, మనం బలవంతులమవుతుంటే శత్రువులూ చాలావరకు మనతోపాటే బలపడతారు. కష్టపడి సంపాదించిన కత్తికి విలువేది?

మూడోది మా అమ్మాయి కనిపెట్టింది, నాకు అదే అన్నిటికన్నా పెద్దదిగా తోచింది. మంత్రవిద్యాలయానికి అధిపతివి నువ్వే, దొంగల ముఠాకు నాయకుడివి నువ్వే, వీరుల దండుకు పెద్దవి నువ్వే. లోకాన్ని మింగేసే అల్డుయిన్ అనే మహా డ్రాగన్‌ను చంపి వచ్చినా, మర్నాడు కోటగుమ్మం దగ్గర కాపలావాడు ఎవడో దారిన పోయేవాడితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "మనం ఏం చేసినా వీళ్లకు పట్టదు నాన్నా" అంది.

చిక్కపేటలో అలా కుదురుతుందా? మా తండ్రిగారు అరువిచ్చి వదిలేసిన బాకీ సంగతి ముప్పై ఏళ్ల తరవాత కూడా బాళేపేటలో చెప్పేవాళ్లున్నారు. ఈ ఊరు కూడా ఒకప్పుడు ఓపెన్ వరల్డే అనుకోండి. 1537లో కెంపేగౌడ నాలుగు జతల ఎద్దులను నాగళ్లకు కట్టి నాలుగు దిక్కులకూ తోలిస్తే అవి దున్నిన చాళ్లే వీధులయ్యాయని చెబుతారు. ఆ కూడలి చిక్కపేట, దొడ్డపేట కలిసేచోటే. దొడ్డపేటనే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నాం. ఎద్దులు ఎక్కడో ఒకచోట ఆగాయి కనక అది ఊరయింది.

మనవాళ్లకు అంతులేని కథలు తెలియవని కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు 12 సంపుటాలు. మణిసిద్ధుడనే యతి ఒక పశులకాపరిని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకి ఒక కథ చెబుతాడు. పాతాళభైరవి సినిమాకు మూలం అక్కడే ఉంది. ఎన్ని కథలైనా వాళ్లు నడిచేది కాశీకి. పైగా కథ పుట్టేది ఆ కుర్రవాడు దారిలో ఏదో వింత చూసి "ఇదేమిటి స్వామీ?" అని అడిగితేనే. మా అమ్మాయి ఆటలో అడగడం మానేసిన రోజున ఆట ముగిసిందని నా లెక్క. బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు పోవడం, కొట్టడం, రావడం. నేను చెప్పడానికీ ఏమీ మిగల్లేదు.

ఆట పోతే పోయింది. నన్ను బాధపెట్టింది వేరు. ఆ ఏడాది చివరికి తను వేరే ఆట మొదలుపెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు, బడి స్నేహితులతో ఇంగ్లీషులో గలగలా కబుర్లు. నేను పక్కన కూర్చుంటే మర్యాదకు ఒక చెవి తెరిచేది. మా ఇంటి తెలుగు మళ్లీ అన్నం దగ్గరకూ లైటు దగ్గరకూ వచ్చేసింది. కొన్ని వారాలు నేనొక్కణ్ణే స్కైరిమ్ తెరిచి చూశాను. పక్కన అడిగేవాళ్లు లేని లోకంలో మంచు ఎంత బాగా కురిసినా పదినిమిషాలకు మించి చూడలేకపోయాను.

2021లో పై చదువుకు ల్యాప్‌టాప్ కావాలంది. పాత కంప్యూటరు అమ్మేద్దామని ఇద్దరం ఎస్.పి. రోడ్డుకు మోసుకుపోయాం. అప్పుడు చిప్పుల కొరత, పైగా క్రిప్టో మైనింగువాళ్ల పోటీ. గ్రాఫిక్స్ కార్డులకు గిరాకీ మండిపోతోంది. మూడేళ్లు వాడిన కార్డుకు కొన్న ధర దాదాపు తిరిగొచ్చింది. వ్యాపారంలో ఉన్నవాణ్ణి, ఇలాంటి బేరం నాకు మళ్లీ తగల్లేదు. బేరమాడింది నేను కాదు, మా అమ్మాయి. అంగడివాడితో కన్నడంలో, నాతో తెలుగులో. "ఒప్పుకోకు నాన్నా, వీడు బేతాళుడు, ఇంకో దెబ్బకు పడతాడు" అని గొంతు తగ్గించి అంది. అంగడివాడు మదనపల్లెవాడట, అంతా అర్థమై పకపకా నవ్వి ఇంకో మూడు వందలు కలిపాడు.

ఇప్పుడు తను మైసూరులో హాస్టల్లో ఉంటోంది. ఫోనులో వార్డెనును పాళెగారమ్మ అంటుంది. బరువైన సంచితో బస్సెక్కితే "మూటల అక్కనైపోయాను" అంటుంది. ఆ మాటలు ఇంకెవరితో అన్నా అర్థం కావు గనక నాతోనే అనాలి.

కంప్యూటరు ఇచ్చేసే ముందు ఆట నిలిపిన చోటును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంది. అది నోటుబుక్కుతో పాటు మా బీరువాలోనే ఉంది. అందులో మా వీరుడు రివర్‌వుడ్ అనే ఊరి వంతెన మీద, మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు నెత్తిన పెట్టుకుని, పరుగెత్తలేక నిలబడి ఉన్నాడు.