ఆట ముందు రాత్రి

మొన్న రుద్రంగి వెళ్తే మా మేనల్లుడు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. కబడ్డీ సెమీస్‌లో ఓడిపోయారట.

"రాత్రి పదకొండింటిదాకా ఆడించిన్రు మామా. బడి వరండాల పడుకున్నం, ఒకటే దోమలు. పొద్దున ఏడింటికి మళ్ళ మ్యాచ్" అన్నాడు. వాడికి పదిహేనేళ్ళు. ఆ రోజు నాలుగింటికే ఫోన్ చేసి "లేచి వార్మప్ చెయ్‌రా" అని లేపిన మహానుభావుణ్ణి నేనే!

ఇదేదో పల్లెటూరి ఆటల బాధ అనుకునేరు. 2017లో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన సైనా నెహ్వాల్ క్వార్టర్స్ ముగిసేసరికి బాగా రాత్రయింది. మర్నాడు పొద్దున్నే సెమీస్. ఒకుహారా మీద మొదటి గేమ్ 21-12తో గెలిచి, తర్వాతి రెండూ ఓడింది. ఆమె తప్పుపట్టింది ఆ షెడ్యూల్‌నే.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకి 8-10 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో పదకొండుమంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళని కొన్ని వారాలపాటు రోజూ పది గంటలు పడుకోమన్నారు. ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయ్యాయి, పరుగు వేగం పెరిగింది. చిన్న ప్రయోగమే, కాదనను.

అయినా, రాత్రి మూడింటికి ప్యాచ్ పెట్టి పొద్దున రోల్‌బ్యాక్ చేసే మనకి ఇది ఒకరు చెప్పాలా? పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం నిద్రంటే బద్ధకం అనేస్తాం. "తినుడు, పండుడే వీని పని" అని మా బావ ఇప్పటికీ తిడుతున్నాడు.

వచ్చే పోటీలకని వాడికో దోమతెర కొనిచ్చాను. ఫోన్ మాత్రం చెయ్యను.